ఎద్దు తల వాల్చింది, పెయ్యకు పులిపిర్లు, కుక్కకు గడ్డ: ముందు దేన్ని చూపించాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊరు. మాకు ఒంగోలు ఎడ్ల జత ఉంది. అందులో దాపటి ఎద్దుకు తొమ్మిదేళ్లు. నెల రోజులుగా అది తల విదిలిస్తోంది, కుడి కొమ్మును గుంజకు రుద్దుతోంది, తల కుడి పక్కకు వాల్చి నిలబడుతోంది. మొన్న కుడి ముక్కులోంచి నెత్తురు కలిసిన చీమిడి కారింది. చెరువు నీళ్లు తాగేటప్పుడు జలగ పట్టిందని కొందరు, కొమ్ములో పురుగు చేరిందని కొందరు అంటున్నారు. మా మామయ్య గారు కొమ్ము మొదట్లో వాత పెడదామంటున్నారు. మా ఆయన సంతలో అమ్మేద్దామంటున్నారు. ఏడాదిన్నర వయసున్న జెర్సీ సంకరజాతి పెయ్యకు మెడ మీద, మొహం మీద పులిపిర్లలాంటివి వచ్చాయి. లంపీ వ్యాధేమోనని భయంగా ఉంది. ఇంటి కుక్కకు ఎనిమిదేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. దాని వెనక చన్ను పక్కన చింతగింజంత గడ్డ ఉండేది, రెండు నెలల్లో వక్కంత అయింది. పశువుకు వచ్చింది మామూలు చర్మరోగమో, క్యాన్సర్ గడ్డో ఇంట్లోనే గుర్తుపట్టే ఉపాయం ఉందా? ఇవి మాకు, పిల్లలకు అంటుకుంటాయా? పాలు వాడుకోవచ్చా?

సమాధానం: అమ్మా, మీరు మూడు జీవాల గురించి రాశారు గానీ తొందర మూడింటికీ ఒక్కలాగా లేదు. ఎద్దును రెండు మూడు రోజుల్లో పశువైద్యుడికి చూపించాలి. కుక్కను వారం పది రోజుల్లో తీసుకెళ్లాలి. పెయ్య కొన్నాళ్లు ఆగగలదు. దానికి మందు సంగతి తర్వాత, ముందు మిగతా దూడలకు దూరంగా కట్టేయండి.

ఇక మీ అసలు ప్రశ్న. గడ్డను చూసి, తడిమి ఇది క్యాన్సరే అని తేల్చే ఉపాయం ఇంట్లో లేదు. ఆసుపత్రిలో కూర్చున్న నా దగ్గరా లేదు. మెత్తగా కదిలే గడ్డ మంచిదని, గట్టిగా అడుగుకు అతుక్కున్నది చెడ్డదని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్కను తలకిందులు చేసిన గడ్డలు ప్రతి పశువైద్యుడికీ ఎదురై ఉంటాయి. సూదితో కాసిన్ని కణాలు లాగి, లేదా చిన్న ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద చూసేదాకా ఎవరేం చెప్పినా అనుమానమే. మరి మీ కళ్లకు, చేతులకు పనేమిటంటే, ఎంత త్వరగా చూపించాలో, ఆలోగా ఏం చేయకూడదో తేల్చుకోవడం. జీవం వయసెంత, గడ్డ ఏ చోట ఉంది, ఎన్నాళ్లలో ఎంత పెరిగింది, ఒక్కటేనా ఒళ్లంతానా, జ్వరం ఉందా, దురద ఉందా, మేత తింటోందా అన్నవి గమనిస్తే చాలు. మీరు ఉత్తరంలో వీటిలో చాలావరకు రాశారు కాబట్టే చూడకుండా ఇంత ధైర్యంగా జవాబు చెప్పగలుగుతున్నాను.

ఎద్దు సంగతి చూద్దాం. వట్టలు కొట్టిన తొమ్మిదేళ్ల ఎద్దు, ఒకే పక్క బాధ, తల విదిలించడం, కొమ్ము రుద్దడం, అదే పక్క ముక్కులోంచి నెత్తురు చీమిడి. ఇవన్నీ కలిస్తే మొదట అనుమానించాల్సింది కొమ్ము క్యాన్సర్‌నే. మన దేశపు మూపురం పశువుల్లో ఇది బాగా తెలిసిన రోగం. గుజరాత్, రాజస్థాన్ వైపు కాంక్రేజ్ వంటి పెద్ద కొమ్ముల జాతుల్లో ఎక్కువగా చూస్తారు. మన ఒంగోలు ఎడ్లకు కొమ్ములు పొట్టి, అయినా వాటికి మినహాయింపు లేదు. ఆవుల్లో, కొట్టని ఆబోతుల్లో తక్కువ, గేదెల్లో అరుదు. ఎక్కువగా అయిదు నుంచి పదేళ్ల మధ్య ఎడ్లలోనే కనిపిస్తుంది.

కొమ్ము రోగానికి ముక్కులోంచి నెత్తురు రావడమేమిటని మీకు అనిపించి ఉంటుంది. పెద్ద పశువులో కొమ్ము లోపలి ఎముక బోలుగా ఉంటుంది. నుదుటి ఎముకలోని గాలి గది కొమ్ములోకి కూడా సాగి ఉంటుంది, ఆ గదికి ముక్కుతో దారి ఉంది. క్యాన్సర్ పుట్టేది ఆ గది లోపలి పొరలో, కొమ్ము మొదట్లో. అందుకే పైకి కొమ్ము నిక్షేపంగా కనిపిస్తుండగానే లోపలి నుంచి నెత్తురు ముక్కులోకి దిగుతుంది. పెరిగేకొద్దీ అది ఎముకను తినేస్తుంది. కొమ్ము వదులై, ఊగి, వాలి, ఒకనాడు ఊడిపోతుంది. అక్కడ ఎర్రటి కండ కాలీఫ్లవర్ పువ్వులాగా పొంగి, కుళ్లు వాసన వేసి, ఈగలు ముసిరి పురుగులు పడతాయి. మీ ఊరివాళ్లు చెప్పే పురుగు చివర్లో చేరేదే గానీ రోగానికి మొదలు కాదు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఎద్దును నెమ్మదిగా పట్టుకుని రెండు కొమ్ముల మొదట్లోనూ వేలి కణుపుతో తట్టి వినండి. బోలుగా ఉన్న కొమ్ము ఒక తీరుగా మోగుతుంది, లోపల నిండిన కొమ్ము మొద్దుగా మోగుతుంది. అరచేయి ఆనిస్తే రోగపు కొమ్ము మొదలు రెండోదానికన్నా వెచ్చగా ఉండవచ్చు. తట్టగానే తల లాక్కుంటే నొప్పి ఉందన్నమాట. అంతటితో ఆపండి. కొమ్మును ఊపి చూడకండి.

జలగ మాట కూడా కొట్టిపారేసేది కాదు. చెరువుల్లో, కుంటల్లో నీళ్లు తాగే పశువుల ముక్కుల్లో జలగలు పడతాయి. అప్పుడు వచ్చే నెత్తురు పలచగా, తాజాగా, ఆగి ఆగి వస్తుంది. పశువు ముక్కు చీదుతుంది గానీ కొమ్ము జోలికి పోదు. ఇంకొకటి ముక్కు గురక వ్యాధి. నీటి నత్తల ద్వారా వచ్చే షిస్టోసోమా అనే పురుగు ముక్కు రక్తనాళాల్లో కాపురం పెట్టి, లోపల బొడిపెలు లేపుతుంది. నాలుగడుగుల దూరం నుంచే గురక వినిపిస్తుంది. చీమిడి చాలాసార్లు రెండు ముక్కుల్లోంచీ వస్తుంది. ఆ చీమిడిని గాజు పలక మీద పూసి చూస్తే వంకర తిరిగిన పురుగు గుడ్లు దొరుకుతాయి, దానికి మందులున్నాయి. మీ ఎద్దుకు గురక ఉందని మీరు రాయలేదు, బాధ కుడి పక్కకే పరిమితమైంది. కాబట్టి నా అనుమానం కొమ్ము మీదే.

వాత గురించి మీ మామయ్య గారికి ఇలా చెప్పండి. ఆయన తరానికి అందుబాటులో ఉన్న వైద్యం అదే, ఆయన ఎద్దు మీద ప్రేమతోనే అంటున్నారు, అందులో సందేహం లేదు. కానీ కొమ్ము క్యాన్సర్‌కు ఉన్న వైద్యం కొమ్మును మొదలంటా తీసేసి, చుట్టూ ఉన్న చర్మాన్ని లాగి ఆ రంధ్రాన్ని కప్పి కుట్టడం. ఆ కుట్టుకు కావలసిన చర్మం సరిగ్గా ఆయన వాత పెట్టాలనుకుంటున్న చోటే ఉంది. కాల్చిన చర్మం సాగదు, కుట్టు నిలవదు. లోపలి గదిలో ఉన్న రోగానికి పైన కాల్చిన సెగ తగలదు కూడా. పైగా పాత వాత మచ్చల్లోంచే క్యాన్సర్ పుట్టిన పశువులు పశువైద్య గ్రంథాలకెక్కాయి. ఈ మూడింటిలో చర్మం మాట ఆయనకు నచ్చుతుందనుకుంటాను. కాడి కింద చర్మం పోతే ఎద్దు ఎందుకూ కొరగాదని ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

ఆపరేషన్‌కు కొమ్ము నరానికి మత్తు సూది ఇస్తారు, ఎద్దు నొప్పి లేకుండా ఉంటుంది. కొన్నిచోట్ల తర్వాత విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు కూడా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. తొందరగా తీసిన కొమ్ములో ఫలితం బాగుంటుంది. ఆలస్యమైతే నుదుటి ఎముకలోకి, చెవి కింది లింఫ్ గ్రంథిలోకి పాకి ఉండవచ్చు, తీసినా మళ్లీ మొలవవచ్చు. తిరిగి రాదని ఏ వైద్యుడూ మాట ఇవ్వలేడు, ఇస్తే నమ్మకండి. మన దగ్గర కాడి మెడ మీద వేస్తాం గనుక, పుండు పూర్తిగా మానాక ఒంటి కొమ్ము ఎద్దు పని చేయగలదు. మీ ఆయన అన్నట్టు సంతకు తోలితే ఏమవుతుంది? కొనేది ఇంకో రైతే. అతను రెండు నెలల్లో మీలాగే నాకు ఉత్తరం రాస్తాడు, అప్పటికి కొమ్ము ఊడి ఉంటుంది. రోగం దాచి అమ్మడాన్ని నేను సమర్థించలేను.

కనుమ నాడు కొమ్ములకు వేసే రంగుల వల్ల ఈ రోగం వస్తుందా అని ఇదివరకు ఒకరిద్దరు పాఠకులు అడిగారు. రంగులు, కొమ్ములను చెక్కి చెలగడం, పలుపు ఒరిపిడి, ఎండ, వట్టలు కొట్టడం వల్ల హార్మోన్లలో వచ్చే మార్పు, వీటన్నిటి మీదా అనుమానాలున్నాయి, దేనికీ గట్టి రుజువు లేదు. పండగ పూట ఎద్దుకు రంగు వేయవద్దని చెప్పను. కొమ్ము అందం కోసం లోపలి ఎరుపు కనిపించేదాకా చెలగడం మాత్రం మానేయండి.

పెయ్య విషయానికి వస్తే, ఏడాదిన్నర వయసు, మెడ మీద, మొహం మీద, గరుకుగా పైకి లేచిన బొడిపెలు. ఇవి పులిపిర్లే అయి ఉంటాయి. పాపిలోమా అనే వైరస్ వల్ల వస్తాయి, రెండేళ్ల లోపు పశువుల్లో ఎక్కువ. మన చేతుల మీదుగానే పాకుతాయి. ముక్కుతాడు గుచ్చిన దబ్బనం, చెవికి పోగు వేసే పరికరం, ఒకే పలుపు, ముళ్ల కంచె గీతలు, ఇలా చర్మం తెగిన ప్రతిచోటా వైరస్‌కు దారి దొరుకుతుంది. చాలావరకు కొన్ని నెలల్లో, ఎక్కువలో ఎక్కువ ఏడాదిలో వాటంతట అవే రాలిపోతాయి. అవి రాలిపోయే సమయానికి ఏ ఆకు పసరు పూస్తే ఆ పసరుకు పేరొస్తుంది. మా వృత్తిలో కూడా ఆ పేరు కొట్టేసిన ఇంజెక్షన్లు లేకపోలేదు. ఒళ్లంతా వ్యాపించి పశువు చిక్కిపోతుంటే లిథియం యాంటిమొనీ థయోమలేట్ అనే ఇంజెక్షన్ కండలోకి లోతుగా ఇస్తారు, లేదా ఆ పులిపిర్లతోనే టీకా తయారు చేయించి వేస్తారు. కాడతో వేలాడే ఒంటరి పులిపిరికి గుర్రపు వెంట్రుక బిగించి కట్టడం మన పల్లెల్లో పాత పద్ధతి. అది పనిచేసే సందర్భాలున్నాయి. వానాకాలంలో మాత్రం ఆ పచ్చి చోట పురుగులు పడతాయి, కాబట్టి కట్టేముందు వైద్యుడిని అడగండి. చన్నుల మీద వచ్చినప్పుడే నాకు భయం. పాలు పిండేటప్పుడు చీలి, పొదుగువాపుకు దారి తీస్తాయి. మీ పెయ్య ఇంకా ఈనలేదు గనుక ఇప్పుడే చన్నులు చూసి పెట్టుకోండి.

లంపీ అయితే నడక వేరుగా ఉంటుంది. ముందు గట్టి జ్వరం, కళ్లలో ముక్కులో నీరు, మేత మానడం, తర్వాత రెండు మూడు రోజుల్లోనే ఒళ్లంతా గుండ్రటి గట్టి గడ్డలు. ఒక్కో గడ్డ రెండు నుంచి అయిదు సెంటీమీటర్లు ఉండి చర్మం మందం అంతా పట్టుకుంటుంది. భుజం ముందు, తొడ ముందు లింఫ్ గ్రంథులు ఉబ్బి చేతికి తగులుతాయి. పులిపిరి చర్మం పైకి పెరుగుతుంది, వారాల తరబడి, జ్వరం లేకుండా. ఈ తేడా గుర్తుంటే రాత్రిళ్లు నిద్ర పడుతుంది. లంపీ మన దేశంలో మొదట 2019లో ఒడిశాలో బయటపడింది. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లను కుదిపేసింది. దోమలు, కుట్టే ఈగలు, పిడుదులు మోస్తాయి. ఆవు జాతికి ఎక్కువ, గేదెలకు తక్కువ. మనుషులకు రాదు. టీకా ఏటా వేయించండి, గడ్డలు లేచాక టీకా కోసం పరిగెత్తడం వృథా.

పశువుల్లో తరచూ కనిపించే మిగతా చర్మరోగాలు గబగబా చెబుతాను. దూడల కళ్ల చుట్టూ, మెడ మీద వెంట్రుకలు రాలి, బూడిద రంగు పెచ్చులతో గుండ్రటి మచ్చలుంటే తామర. అది దూడను నిమిరిన పిల్లలకు అంటుకుంటుంది. చర్మం ముడతలు పడి, దళసరై, రాత్రింబగళ్లు గోడకు రాసుకుంటుంటే గజ్జి. మూపురం మీద, మానినట్టే మాని మళ్లీ పచ్చిగా అయ్యే పుండును కాడి పుండని వదిలేస్తుంటారు. చాలాసార్లు అది స్టెఫానోఫైలేరియా అనే సన్నటి పురుగు పని, దాన్ని ఈగలు తెచ్చి పెడతాయి. తెల్ల మచ్చల పశువుకు తెల్లగా ఉన్న చోటే చర్మం ఎర్రబడి, కాగితంలా ఊడి, నల్ల చోట ఏమీ లేకపోతే చర్మానికి మందు రాయడం దండగ. లాంటానా వంటి విషపు మొక్క తిని కాలేయం దెబ్బతిందేమో చూడాలి, ముందు నీడలోకి మార్చాలి. వరి పండే చోట్ల చలికాలంలో గేదెల చెవి కొసలు, తోక కొస చల్లబడి నల్లబడి రాలుతుంటే డెగ్నాలా వ్యాధిని అనుమానించి, ముందు గడ్డివామిలో బూజు ఉందేమో చూడండి. వీటిలో దేనికీ వాడిన ఇంజన్ ఆయిల్ మందు కాదు. అది చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది, పశువు నాకితే కడుపులోకి పోతుంది. చాలా ఊళ్లలో ఇంకా డబ్బాలో దాచిపెట్టి మరీ పూస్తున్నారు.

సంకరజాతి ఆవుల్లో కంటి చుట్టూ తెల్లగా ఉన్నవాటికి మరో జాగ్రత్త. కంటి లోపలి మూలలో ఉండే మూడో రెప్ప అంచున గులాబీ రంగు గరుకు మచ్చ కనిపిస్తే అది క్యాన్సర్‌కు తొలిరూపం కావచ్చు. ఎండ సోకే కళ్లకు వస్తుంది. ఆ దశలో మత్తు చుక్కలు, సూదితో కొద్దిసేపట్లో తీసేయవచ్చు, కన్ను దక్కుతుంది. నెలలు గడిచాక వస్తే కన్నే తీయాల్సి రావచ్చు.

ఇప్పుడు కుక్క. దీని గురించి మీరు ఉత్తరం చివర్లో రెండు ముక్కలు రాశారు గానీ నన్ను ఎద్దు తర్వాత ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఆపరేషన్ చేయించని ఎనిమిదేళ్ల ఆడకుక్క, వెనక చన్ను, రెండు నెలల్లో చింతగింజ వక్కంత కావడం. ఆడకుక్కల్లో అన్నిటికన్నా తరచుగా వచ్చే గడ్డలు చన్నుల గడ్డలే. అయిదు జతల చన్నుల్లో వెనక రెండు జతల్లోనే ఎక్కువ. వీటిలో సుమారు సగం క్యాన్సర్‌గా తేలతాయి. అంటే సగం కావు. ఏ సగంలో ఉందో వేలితో నొక్కి చెప్పలేం. పిల్లుల్లో అయితే ఈ లెక్క ఇంకా కఠినం, పదింటిలో ఎనిమిది తొమ్మిది చెడ్డవే.

మూడు సెంటీమీటర్ల లోపున్న గడ్డ తీసేస్తే కుక్క బతికే అవకాశం బాగుంటుంది. వక్కంత అంటే మీరు ఆ గీతకు దగ్గర్లో ఉన్నారు, అందుకే పది రోజులన్నాను. ముందు ఛాతీకి ఎక్స్‌రే తీయించి ఊపిరితిత్తుల్లోకి పాకిందేమో చూస్తారు. ఈ గడ్డలకు సూది పరీక్ష కన్నా తీసేసిన గడ్డను ప్రయోగశాలకు పంపడమే కచ్చితం. అప్పుడే పిల్లల ఆపరేషన్ కూడా చేయించమని అడగండి. మొదటి ఎదకు ముందే ఆ ఆపరేషన్ చేస్తే చన్ను గడ్డల ముప్పు, చేయించని కుక్కలతో పోలిస్తే 0.5 శాతానికి పడిపోతుందని 1969లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ అంకె మీద ఇప్పుడు వాదనలున్నా, ఎద మొదలవకుండా కొన్నిచోట్ల కుక్కలకు వేసే హార్మోన్ ఇంజెక్షన్లు మాత్రం ముప్పును పెంచుతాయన్నదానిలో వాదన లేదు. మీ కుక్కకు ఎప్పుడైనా వేయించి ఉంటే వైద్యుడికి చెప్పండి.

ఒక తేడా తెలుసుకోండి. ఎద దాటిన రెండు నెలలకు కొన్ని కుక్కలకు చూలు లేకుండానే చన్నులు ఉబ్బి పాలు వస్తాయి. అది అన్ని చన్నులకూ ఒకేసారి వచ్చి, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, భయం లేదు. అదే ఒక పక్క చన్నులన్నీ ఎర్రగా, వేడిగా, చెక్కలాగా బిగుసుకుని, కుక్క నొప్పితో ముడుచుకుంటే పొదుగువాపులా కనిపించినా అది అతి చెడ్డ క్యాన్సర్ కావచ్చు. అందులో కత్తి పెడితే మేలు జరగదు.

కుక్కల్లో మరో గడ్డ గురించి పల్లెల్లో అందరికీ తెలియాలి. ఆడ, మగ కుక్కల జననాంగాల దగ్గర ఎర్రగా, చిదిమితే విడిపోయే కండ పెరిగి, చుక్క చుక్కగా నెత్తురు కారుతుంది. ఎదకొచ్చిందని ఆడకుక్కను వదిలేస్తారు. ఇది జత కట్టినప్పుడు బతికి ఉన్న క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకోవడం వల్ల వచ్చే రోగం. వేల ఏళ్ల కిందట ఏదో ఒక కుక్కలో పుట్టిన కణాలు ఇప్పటికీ ఇలా కుక్కలు మారుతూ బతుకుతున్నాయి. చూడ్డానికి ఎంత భయంకరంగా ఉన్నా, క్యాన్సర్లలో ఇంత తేలిగ్గా లొంగేది మరొకటి నేను చూడలేదు. వారానికొక విన్‌క్రిస్టిన్ చొప్పున నాలుగైదు వారాల్లో చాలావరకు మాయమవుతుంది. వీధికుక్కే కదా అని వదిలేస్తే మాత్రం ఊరంతా పాకుతుంది.

చర్మం మీది గడ్డల్లో, మూడేళ్ల లోపు కుక్క చెవి మీదనో మొహం మీదనో ఎర్రటి గుండీలాంటి బొడిపె వస్తే రెండు మూడు నెలల్లో తానే కరిగిపోయే రకం కావచ్చు. ముసలి కుక్క పక్కటెముకల మీద మెత్తగా జారే గడ్డ చాలాసార్లు కొవ్వుగడ్డ. కానీ మాస్ట్ సెల్ గడ్డ అని ఒక క్యాన్సర్ ఉంది. అది కొవ్వుగడ్డలాగా, దోమకాటులాగా, పులిపిరిలాగా ఎలాగైనా కనిపించగలదు. ఇవాళ ఉబ్బి, రేపు తగ్గి, ముట్టుకుంటే ఎర్రబడి దద్దురు లేస్తుంది. తగ్గింది కదా అని ఊరుకునేవాళ్లు దీని చేతిలోనే మోసపోతారు. అందుకే బఠానీ గింజకన్నా పెద్దదై, నెల దాటినా పోని ఏ గడ్డకైనా సూది పరీక్ష చేయించాలన్నది మా నియమం.

గడ్డలే కానివి కూడా గడ్డల్లా కనిపిస్తాయి. గొర్రెకు, పశువుకు దవడ కింద మెత్తటి వాపు ఉండి, వేలితో నొక్కితే గుంట పడితే అది నీరు. కడుపులో జలగల్లాంటి చప్పటి పురుగులో, నెత్తురు తాగే సన్న పురుగులో ఉండవచ్చు. ఆవుకు గంగడోలంతా అలా నీరు పట్టి, మెడ నరాలు ఉబ్బి, దిగుడులో నడవడానికి జంకితే కడుపులో చేరిన మేకు గుండె దాకా వెళ్లిందేమో చూడాలి. దూడ బొడ్డు దగ్గర వాపు నొక్కితే లోపలికి పోయి, వదిలితే మళ్లీ వస్తే అది పేగు జారడం. దాన్ని చీముగడ్డ అనుకుని బ్లేడుతో కోసిన దూడలు మా దగ్గరకు వస్తాయి, పేగులు గుడ్డలో చుట్టుకుని. ఏ వాపునైనా కోసేముందు సూది గుచ్చి లోపల చీమో, నెత్తురో, గాలో చూడటం పశువైద్యుడి మొదటి పని. మీరైతే ఆ సూది కూడా గుచ్చకండి.

అంటుకుంటాయా అన్నారు. మీ ఎద్దు కొమ్ము రోగం, కుక్క చన్ను గడ్డ, పెయ్య పులిపిర్లు మనుషులకు రావు, నిశ్చింతగా ఉండండి. అంటుకునేవి తామర, కుక్కల గజ్జి, మేకపిల్లల మూతి పుండ్లు, గేదెల పొదుగు మీద వచ్చే మశూచి. ఈ చివరిది పాలు పిండేవాళ్ల వేళ్ల మీద బొబ్బలై లేస్తుంది. అలాంటి పొదుగు ఉంటే ఆ గేదెను చివర్న పిండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పాలు ఏ రోజైనా కాచే తాగండి. రోగంకన్నా మందు గురించి ఎక్కువ జాగ్రత్తపడాలి. పురుగులకు, గజ్జికి వేసే ఐవర్‌మెక్టిన్ వంటి ఇంజెక్షన్లు, పిడుదుల మందులు పాలలోకి దిగుతాయి. ఏది వేసినా ఎన్ని రోజులు పాలు పక్కన పెట్టాలో అడిగి చీటీ మీద రాయించుకోండి. కొందరు అడిగితే విసుక్కుంటారు, అయినా అడగండి.

నెలకొకసారి పగటి వెలుతురులో మూతి నుంచి తోక దాకా ఒంటి మీద చేయి వేసి వెంట్రుకలకు ఎదురుగా నిమరండి. చెవి వెనక, గంగడోలు కింద, తొడల సందు, తోక కింద మరిచిపోవద్దు. ఏదైనా తగిలితే పక్కన రూపాయి నాణెం పెట్టి ఫోనులో ఫోటో తీయండి, వారం తర్వాత అదే నాణెంతో మళ్లీ తీయండి. చింతగింజంత, వక్కంత అని మీరు రాసినది నాకు బాగానే పనికొచ్చింది, నాణెం ఇంకా బాగా పనికొస్తుంది.

ఎద్దు కోసం 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. వాళ్లు చూసి, ఆపరేషన్ మండల కేంద్రంలో అవుతుందో, గన్నవరం లేదా తిరుపతి పశువైద్య కళాశాలకు పంపాలో చెబుతారు. తీసిన కొమ్ము లోపలి కండలో చిన్న ముక్కను, దానికి పదింతలుండేలా, కండ కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ ద్రావణంలో వేసి పరీక్షకు పంపమని మీరే గుర్తు చేయండి. పని ఒత్తిడిలో మా వాళ్లు మరిచిపోతుంటారు, అది లేకుండా తర్వాత ఏం ఎదురుచూడాలో చెప్పలేం. ఆపరేషన్ ముందు మేత ఎంతసేపు ఆపాలో, నీళ్లు ఎప్పుడు ఆపాలో కనుక్కోండి, నిండు కడుపుతో పడుకోబెడితే పొట్ట ఉబ్బుతుంది. లారీ ఎక్కించేటప్పుడు పలుపు కుడి కొమ్ముకు తగలకుండా మోరకు కట్టండి. ముక్కు నుంచి కారే నెత్తురును తడిగుడ్డతో తుడవండి చాలు, ముక్కులోకి నూనె గానీ పసరు గానీ పోయవద్దు. వాహనం వచ్చేదాకా దాన్ని నీడలో, ఈగలు ముసరని చోట ఉంచండి, కాడి మాత్రం కట్టవద్దు.